గేదె మేత ముట్టట్లేదా? డాక్టరు వచ్చేలోపు మీరు చూడాల్సినవి, వచ్చాక ఆయన చూసేవి

పశువుల డాక్టరుకు పాడి రైతుల నుంచి వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "సార్, మేత ముట్టట్లేదు." ఆ ఒక్క ముక్కతో ఏ డాక్టరూ జబ్బు పేరు చెప్పలేరు. పాల జ్వరం వచ్చినా, కడుపులో మేకు దిగినా, పొదుగు వాచినా, గొంతువాపు మొదలైనా పశువు ముందు చేసే పని మేత మానడమే. మిగతా కథ అది చెప్పలేదు కాబట్టి మనమే చెప్పాలి. ఆ చెప్పడం సరిగ్గా ఉంటే సగం రోగ నిర్ధారణ అక్కడే అయిపోతుంది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. డాక్టరు దొరకలేదని ఊళ్లో సూది వేసే మనిషిని పిలిచి ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి సూది వేయించేస్తుంటారు. జ్వరం దిగుతుంది, గేదె రెండు గడ్డి పరకలు నములుతుంది. మర్నాడు డాక్టరు వచ్చేసరికి చూడటానికి జ్వరం ఉండదు, పాల శాంపిల్‌లో క్రిములు పెరగవు, జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. పరీక్షలన్నీ మొదటి సూదికి ముందే జరగాలి.

మొదటి పని: దూరం నుంచి చూడండి

వెంటనే దగ్గరికెళ్లి లేపొద్దు. పది అడుగుల దూరంలో నిలబడి రెండు నిమిషాలు గమనించండి. నిలబడిందా, పడుకుందా? పడుకుంటే తల ఎటు పెట్టింది? నెమరు వేస్తోందా? ఆరోగ్యంగా ఉన్న పశువు రోజులో ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరు వేస్తుంది. కడుపు నిండి పడుకున్న పశువు నెమరు వేయట్లేదంటే అనుమానించాల్సిందే. ముట్టె మీద చెమట బిందువులు ఉన్నాయా, ఎండిపోయిందా? చొంగ కారుతోందా? వెన్ను విల్లులా వంచి, మోచేతులు బయటికి పెట్టి నిలబడిందా?

పక్కటెముకలు లేవడం చూస్తూ ఊపిరి లెక్కపెట్టండి. చల్లటి వేళ పెద్ద పశువుకు నిమిషానికి 15 నుంచి 30 సార్లు మామూలే.

ఇప్పుడు దగ్గరికెళ్లి ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి రెండు నిమిషాలు అలాగే ఉంచండి. లోపల పెద్ద పొట్ట కదిలి మీ చేతిని బయటికి తోయాలి, ఆ వ్యవధిలో కనీసం రెండు మూడు సార్లు. అసలు కదలిక లేదు, ఒక్కసారే కదిలింది, డొక్క డప్పులా ఉబ్బింది: ఈ మూడింట్లో ఏదో ఒకటి ఫోన్లో చెప్పగలిగితే డాక్టరు బ్యాగులో ఏం పెట్టుకోవాలో అప్పుడే తేల్చుకుంటారు.

పేడ చూడండి. గట్టిగా ఉందా, నీళ్లలా ఉందా, జిగురు, రక్తం ఉన్నాయా, నిన్నటి నుంచి అసలు వేయలేదా? మూత్రం రంగు కూడా. నాలుగు చన్నుల నుంచి రెండేసి ధారలు నల్లటి గుడ్డ మీదో, నల్లటి పళ్లెంలోనో పిండి చూడండి. తెల్లటి ముక్కలు, నీళ్ల పాలు, ఎరుపు ఉంటే నల్లటి దాని మీద ఇట్టే కనిపిస్తాయి.

జ్వరం చూడటం

మనుషులకు వాడే డిజిటల్ థర్మామీటరు చాలు, పశువుల కోసం విడిగా ఒకటి కొనిపెట్టుకోండి. కొనకు కాస్త నూనె రాసి, తోక పక్కకు పట్టుకుని, మలద్వారంలో పెట్టి గోడకు ఆనేలా కొద్దిగా వంచాలి. పేడ మధ్యలోకి దూరిస్తే పేడ వేడి చూపిస్తుంది. ఆవుకు 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, ఒక డిగ్రీ అటూ ఇటూ మామూలు. గేదెకు దాదాపు అంతే, ఒక్కోసారి కొద్దిగా తక్కువ.

గేదెల విషయంలో ఒక జాగ్రత్త. నల్ల చర్మం, చెమట గ్రంథులు తక్కువ, ఎండలో కట్టేస్తే జబ్బు లేకపోయినా 103 చూపిస్తుంది. నీడకు మార్చి, నీళ్లు పోసి, అరగంట ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే అది జ్వరమే.

ఎక్కువ ఉంటేనే భయపడటం మనకు అలవాటు. ఈనిన రెండో రోజు 98 చూపించి చెవులు చల్లగా ఉన్న గేదె, 104 జ్వరమున్న గేదె కంటే పెద్ద అర్జెంటు కేసు. ఎందుకో కింద చెప్తాను.

ఫోన్ చేసేటప్పుడు

1962 టోల్‌ఫ్రీ నంబరుకు చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. ఎవరికి చేసినా ఈ వరసలో చెప్పండి: ఆవా గేదెనా, ఎన్నో ఈత, ఈని ఎన్ని రోజులైంది లేదా ఎన్నో నెల చూడి, ఎప్పటి నుంచి తినట్లేదు, దాణా మానేసిందా గడ్డి కూడానా, పాలు ఎంత నుంచి ఎంతకు పడ్డాయి, జ్వరం ఎంత, పేడ, మూత్రం ఎలా ఉన్నాయి, ఈ మధ్య ఏం మందులు వేశారు, మందలో ఇంకెవరికైనా ఉందా. ఈనిన తేదీ అన్నింటికంటే ముఖ్యం. ఈని రెండు రోజులైన పశువు తినకపోవడం వేరు, నెల దాటిన పశువు తినకపోవడం వేరు.

గడ్డి తింటూ దాణా మాత్రం వాసన చూసి వదిలేస్తోందా? ఈని రెండు నుంచి ఆరు వారాలైందా? అయితే కీటోసిస్ అనుమానించాలి. పాలకు సరిపడా మేత శక్తి అందక ఒంట్లో కొవ్వు కరిగి, రక్తంలో కీటోన్లు పెరుగుతాయి. ఊపిరిలో మాగిన పండు లాంటి తియ్యటి వాసన వస్తుంది, కొందరు ఆ వాసన పట్టగలరు, కొందరికి అసలు తెలియదు. డాక్టరు మాత్రం మూత్రంలో రోథెరా పొడి కలిపి చూస్తారు. ఊదా రంగు వచ్చిందంటే తేలిపోయినట్టే.

ఈనిన మూడు రోజుల్లో కూలబడితే

పాల జ్వరం అని పేరే గానీ అందులో జ్వరం ఉండదు. ఒళ్లు చల్లబడుతుంది. బాగా పాలిచ్చే పశువుల్లో, మూడో ఈత దాటిన వాటిలో ఎక్కువ. ఈనగానే పొదుగులోకి ఒక్కసారిగా కాల్షియం వెళ్లిపోతుంది, ఎముకల్లోంచి, పేగుల్లోంచి అంత వేగంగా రక్తంలోకి రాదు. కండరాలు పనిచేయడం మానేస్తాయి. మొదట తూలుతుంది, వెనక కాళ్లు తడబడతాయి. తర్వాత కూర్చుని మెడ తిప్పి తల డొక్క మీద పెట్టుకుంటుంది. మెడ తిన్నగా లాగి వదిలితే మళ్లీ అటే తిరుగుతుంది. ముట్టె ఎండిపోతుంది, పేడ ఆగిపోతుంది.

డాక్టరు వచ్చేలోపు మీరు చేయాల్సింది రెండే. పక్కకు పూర్తిగా ఒరిగిపోకుండా రెండు వైపులా గడ్డి మూటలు ఆనించి రొమ్ము మీద కూర్చునేలా చూడండి. కింద మెత్తగా గడ్డి పరవండి. నోట్లో గొట్టం పెట్టి బెల్లం నీళ్లు, కాల్షియం టానిక్కు, సోడా ఏదీ పోయొద్దు. ఈ దశలో మింగే శక్తి ఉండదు, పోసింది తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాల జ్వరం తగ్గి, ఆ నిమోనియాతో పోయే పశువులు ఉంటాయి.

డాక్టరు ఏం చేస్తారు? ముందు పొదుగు పట్టుకుని చూస్తారు. పొదుగువాపు విషం ఒంటికెక్కినా పశువు ఇలాగే కూలబడుతుంది, అప్పుడు వైద్యం వేరు. ఈత కష్టమైందా అని అడుగుతారు, దూడను బలంగా లాగితే తుంటి నరాలు దెబ్బతిని లేవలేకపోవచ్చు. అవి కావని తేలాక కాల్షియం బోరోగ్లూకోనేట్ 450 మిల్లీలీటర్ల సీసా గోరువెచ్చగా చేసి మెడ నరంలోకి ఎక్కిస్తారు. ఇక్కడ ఆయన చేతులు గమనించండి. ఒక చెయ్యి సీసా మీద, రెండో చేతిలో స్టెతస్కోపు గుండె మీద. కాల్షియం గబగబా ఎక్కితే గుండె ఆగిపోతుంది. గుండె చప్పుడు తడబడగానే సీసా కిందికి దించి ఆపుతారు. "ఎవరు ఎక్కిస్తే ఏముంది, సీసాయే కదా" అనుకునేవాళ్లకు సమాధానం ఈ స్టెతస్కోపే.

సీసా సగం అయ్యేసరికి తొడ కండరాలు వణుకుతాయి, తేన్పు వస్తుంది, ముట్టె మీద చెమట పుడుతుంది, పేడ వేస్తుంది. చాలా పశువులు కాసేపట్లో లేచి నిలబడతాయి. ఆ సంబరంలో పొదుగు ఖాళీ అయ్యేదాకా పాలు పిండేస్తే రాత్రికి మళ్లీ కూలుతుంది. రెండు మూడు రోజులు దూడకు సరిపడా, పొదుగు బిగువు తగ్గేంత మాత్రమే తీయండి. లేవకపోతే రెండు మూడు గంటలకోసారి పక్క మార్చాలి, ఒకే కాలి మీద బరువు పడితే కండ చచ్చిపోతుంది.

నివారణ చూడ్డానికి తలకిందులుగా ఉంటుంది. చూడి చివరి మూడు వారాల్లో కాల్షియం సీసాలు తాగించడం మానేయాలి. అప్పుడు బయటి నుంచి దండిగా దొరికితే ఎముకల్లోంచి తీసుకునే పని శరీరం పక్కన పెట్టేస్తుంది, ఈనిన రోజు అవసరానికి అందుకోలేదు. మందుల షాపువాళ్లు మాత్రం సరిగ్గా ఆ నెలలోనే అంటగడతారు. ఈనిన తర్వాత ఇవ్వండి, చూడిలో మీ డాక్టరు చెప్పిన మినరల్ మిక్చర్ చాలు.

మూత్రం ఎర్రగా వస్తే

ఒకే లక్షణం మూడు దారులు చూపిస్తుంది. గాజు సీసాలో మూత్రం పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. ఎరుపు అడుగుకు దిగి పైన తేటపడితే అది రక్తం, మూత్రాశయంలోనో మూత్రపిండాల్లోనో తేడా ఉంది. సీసా మొత్తం కాఫీ డికాషన్ రంగులోనే ఉండిపోతే రక్త కణాలు ఒంట్లోనే పగిలిపోతున్నాయి.

పగలడానికి మన దగ్గర ముఖ్యంగా రెండు కారణాలు. సంకరజాతి ఆవు, ఒంటి మీద పిడుదులు, 104 దాటిన జ్వరం ఉంటే పిడుదుల ద్వారా వచ్చే బెబీసియోసిస్ అనే జబ్బును అనుమానిస్తారు. ఈని నెల లోపలి గేదె, జ్వరం లేదు, వరిగడ్డి తప్ప పెద్దగా మేత లేదు అంటే భాస్వరం లోపం. మొదటిదానికి పరాన్నజీవిని చంపే మందు, రెండోదానికి నరంలోకి భాస్వరం మందు. ఒకదానికి ఇంకోటి వేస్తే రోజు వృథా, ఈలోపు రక్తం నీళ్లయిపోతుంది.

తేల్చేది రక్తపు పూత. చెవి కొన దగ్గర వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడిచి, సూదితో గుచ్చి, వచ్చిన చుక్కను గాజు పలక మీద పెట్టి ఇంకో పలక అంచుతో పల్చగా లాగుతారు. ఆరాక మిథనాల్‌లో ముంచి, జీమ్సా రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. ఎర్ర కణం లోపల బేరిపండు ఆకారంలో జంటగా కనిపిస్తే బెబీసియా. మూత్రం మామూలుగానే ఉండి, జ్వరంతో పాటు జబ్బ ముందున్న గడ్డ కోడిగుడ్డంత ఉబ్బితే థైలేరియోసిస్, ఇదీ పిడుదుల వల్ల వచ్చేదే. దానికీ ఇదే పరీక్ష, మందు మాత్రం బుపార్వాక్వోన్.

థైలేరియా సంకరజాతి ఆవులను తీసుకున్నంత తేలిగ్గా నాటు పశువులను తీసుకోదు. పిడుదుల మందు పశువు ఒంటి మీద కొట్టి ఊరుకుంటే సరిపోదు, కొట్టం గోడల పగుళ్లలో అవి గుడ్లు పెడతాయి. పగుళ్లు సిమెంటుతో పూడ్చి, సున్నం వేసి, అక్కడా మందు కొట్టాలి. మందు కొట్టే ముందు పశువుకు కడుపునిండా నీళ్లు తాగించండి, ఒళ్లు నాకకుండా చూడండి. తవుడు వాడే ఇళ్లలో భాస్వరం లోపం తక్కువ, తవుడులో భాస్వరం దండిగా ఉంటుంది.

పొదుగువాపు: కనిపించనిదే ఎక్కువ తినేస్తుంది

వాచి, ఎర్రబడి, గడ్డలు గడ్డలుగా పాలు వస్తే ఎవరైనా గుర్తుపడతారు. వాపు లేకుండా, పాలు తెల్లగానే ఉండి, రోజూ అర లీటరో లీటరో తగ్గిపోతూ ఉండే రకమే ఇంటి ఆదాయాన్ని తినేది. దాన్ని పట్టుకోవడానికి డాక్టర్లు నాలుగు గిన్నెల పళ్లెంలో కాలిఫోర్నియా పరీక్ష చేస్తారు. ఆ మందు దొరకకపోతే బట్టల సబ్బు పొడితో మీరే చేసుకోవచ్చు.

వంద మిల్లీలీటర్ల నీళ్లలో 3 గ్రాముల పొడి కలపండి. ప్రతి చన్ను నుంచి మొదటి రెండు ధారలు పారబోసి, తర్వాతి పాలు విడివిడి చిన్న గిన్నెల్లో రెండు చెంచాల చొప్పున తీసుకోండి. అంతే సబ్బు నీళ్లు పోసి గుండ్రంగా తిప్పండి. మామూలు పాలు నీళ్లలాగే తిరుగుతాయి. తేడా ఉంటే జిగురుగా చిక్కబడి గిన్నె మధ్యకు కుప్పపడతాయి. ఈనిన వారంలోనూ, వట్టిపోయే ముందూ ఈ పరీక్ష నమ్మొద్దు, ఆరోగ్యమైన పాలు కూడా అప్పుడు చిక్కబడతాయి. పదిహేను రోజులకోసారి చేసి చన్నువారీగా రాసుకుంటే చాలు.

జిగురు తేలాక డాక్టరు చన్ను కొనను స్పిరిట్‌తో తుడిచి శుభ్రమైన గొట్టంలో పాలు తీసి ల్యాబ్‌కు పంపమంటారు. ఏ క్రిమి ఉంది, ఏ మందుకు లొంగుతుంది అని అక్కడ చూస్తారు. ఈ పరీక్షకు రెండు మూడు రోజులు పడుతుందని చాలామంది ఒప్పుకోరు. పదే పదే తిరగబెట్టే పొదుగుకు మాత్రం ఆ రెండు రోజులు ఆగడమే మేలు. లొంగని మందులు మూడు కోర్సులు వేసిన ఖర్చు కంటే ల్యాబ్ ఫీజు చాలా తక్కువ.

రాకుండా చూసుకోవడం రోజువారీ పని. ముందు ఆరోగ్యంగా ఉన్నవాటి పాలు, చివర్న జబ్బు పొదుగు. బొటనవేలు మడిచి చన్ను నొక్కే అలవాటు మానండి, గుప్పెటతో పితకండి. కడిగిన పొదుగును పొడి గుడ్డతో తుడవకుండా పాలు తీస్తే ఆ మురికి నీళ్లు చన్ను కొనకే జారతాయి. పితికాక చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచండి. ఆ వెంటనే మేత వేయండి. పాలు తీశాక చన్ను రంధ్రం దాదాపు అరగంట తెరిచే ఉంటుంది, మేత ముందుంటే పశువు పేడలో పడుకోదు. గడ్డలు కట్టిన పాలు నేల మీద పిండొద్దు, డబ్బాలోకి తీసి దూరంగా పారబోయండి. వట్టిపోయేటప్పుడు నాలుగు చన్నుల్లో ఎక్కించే మందు ట్యూబు గురించి డాక్టరును అడగండి, ఈనడానికి రెండు నెలల ముందు సరైన సమయం.

యాంటీబయాటిక్ వేసిన పశువు పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో మందు మీదే రాసి ఉంటుంది. అన్ని రోజులూ కేంద్రానికి పోయొద్దు, ఇంట్లో పిల్లలకూ పోయొద్దు. నొప్పి సూదుల్లో డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకుండా 2006లోనే నిషేధించారు. ఆ మందు ఒంట్లో ఉన్న కళేబరం తిని రాబందులు కుప్పకూలాయి. ఎవరైనా మనుషుల డైక్లోఫెనాక్ వేస్తామంటే వద్దనండి.

ఇనుము మింగిన పశువు

పశువు నమలకుండా మింగి తర్వాత నెమరు వేస్తుంది, అందుకే తీగ ముక్కలు, మేకులు గడ్డితో పాటు లోపలికి పోతాయి. అవి రెండో పొట్ట గోడకు గుచ్చుకుంటాయి, దాని ముందే గుండె. పల్లం దిగడానికి మొరాయించడం, మూలగడం, మందులు వేసినప్పుడు కోలుకుని మళ్లీ మేత మానడం గుర్తులు. డాక్టరు భుజాల మధ్య వెన్ను మీద చర్మం గట్టిగా పట్టి పిండుతారు. మామూలు పశువు వెన్ను కిందికి వంచుతుంది, నొప్పి ఉన్నది వంచకుండా మూలుగుతుంది. అనుమానం బలపడితే మెటల్ డిటెక్టరు, ఎక్స్‌రే. నోటి ద్వారా అయస్కాంతం వేస్తారు, లేదా ఆపరేషన్. రొమ్ము కింద నీరు దిగిందంటే ఆలస్యమైనట్టే.

గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు

వీటికి వైద్యం కంటే టీకా చౌక, అది కూడా ఉచితంగానే దొరుకుతుంది. గాలికుంటు టీకా దూడకు నాలుగో నెలలో మొదటిది, నెల తర్వాత బూస్టరు, ఆపైన ఆరు నెలలకోసారి. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఇంటికే వచ్చి వేస్తారు. టీకా వేస్తే పాలు తగ్గుతాయని దాచేసే వాళ్లున్నారు. రెండు మూడు రోజులు కొద్దిగా తగ్గొచ్చు, నిజమే. గాలికుంటు వస్తే ఆ ఈత పాలే పోతాయి.

గొంతువాపు గేదెలకు యమపాశం. 105 దాటిన జ్వరం, గొంతు కింద వాపు, గురకతో ఒక్క రోజులోనే పోతుంది. దీనికి, జబ్బవాపుకు తొలకరికి ముందే, మే నెలలోగా టీకా వేయించాలి. జబ్బవాపు ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పుష్టిగా ఉన్న పశువులకు ఎక్కువ, వాచిన చోట నొక్కితే కరకరమంటుంది. పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య, చూడి ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా జబ్బుకు టీకా జన్మలో ఒక్కసారే. చూడి ఐదో నెల దాటాక ఈసుకుపోయిన పశువు మాయను వట్టి చేతులతో ముట్టుకోవద్దు, బ్రూసెల్లా మనిషికీ వస్తుంది.

సంతలో కొన్న పశువును మూడు వారాలు విడిగా కట్టేయండి, దాని పనులు చివర్న చేయండి.

కొత్త దూడకు మొదటి గంట రెండు గంటల్లో ముర్రుపాలు పట్టాలి. రోజుకు దాని బరువులో పదో వంతు. పక్కింటివాళ్లకు జున్నుకు పంపడం తర్వాత. గేదె దూడలకు తల్లి పాల ద్వారానే ఏలికపాములు వస్తాయి కాబట్టి రెండో వారంలోనే పైపరజీన్ మందు అడిగి పట్టించండి. డెల్టాలో మాగాణి గట్ల మీద, నీటి కాలవల పక్కన మేసే పశువుకు దవడ కింద నీరు దిగితే కార్జపు జలగ చూడాలి, పేడ పరీక్ష చేయించండి. పేడ అప్పుడే వేసినదై ఉండాలి, నిన్నటిది పట్టుకెళ్లొద్దు.

చొంగ కారుస్తూ మింగలేకపోతే

"గొంతులో ఏదో అడ్డుపడింది" అని నోట్లో చెయ్యి పెట్టే ముందు ఆగండి. పిచ్చికుక్క కరిచిన పశువు కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది: చొంగ, మింగలేకపోవడం, బొంగురు అరుపు. చేతి మీద చిన్న గీత ఉన్నా రేబిస్ రావచ్చు, వస్తే మనిషికి మందు లేదు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. అప్పటికే ముట్టుకుని ఉంటే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. పశువును కుక్క కరిచిందని ముందే తెలిస్తే గాయం ఇలాగే కడిగి వెంటనే టీకాల వరస మొదలుపెట్టించవచ్చు.

హఠాత్తుగా చనిపోతే

ఆ రోజు బాగానే ఉండి పడిపోయి, ముక్కులోంచి, మలద్వారంలోంచి గడ్డకట్టని నల్లటి రక్తం వస్తే దొమ్మ రోగం అనుకోవాలి. తోలు తీయొద్దు, కోయొద్దు, మాంసం పంచుకోవద్దు. కోస్తే క్రిములు గాలి తగిలి విత్తనాల్లా మారి నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. డాక్టరు కూడా పోస్ట్‌మార్టం చేయరు, చెవి నరం నుంచి ఒక్క చుక్క రక్తం తీసి పూత చూస్తారు. ఆరడుగుల గోతిలో సున్నం పోసి, కళేబరాన్ని పెట్టి, పైన మళ్లీ సున్నం చల్లి పూడ్చాలి. రక్తం కారిన చోట మట్టి కూడా అందులోనే వేయండి.

రక్తం కారని హఠాన్మరణమైతే పోస్ట్‌మార్టం చేయించండి, మందలో మిగిలినవాటికి ఏం చేయాలో దాన్నిబట్టే తెలుస్తుంది. బీమా ఉంటే చెవి ట్యాగు తీయకుండా ఫోటోలు తీసి ముందు కంపెనీకి కబురు చేయండి, పూడ్చడం ఆ తర్వాతే.